జోడా ఫాటక్ దగ్గర రైలు ఎందుకు ఆగలేదు, జనం ఎందుకు కదల్లేదు

2018 అక్టోబరు 19, శుక్రవారం, దసరా. అమృత్‌సర్‌లో జోడా ఫాటక్ అనే రైల్వే గేటుకు కాస్త దూరంలో ఉన్న ధోబీ ఘాట్ మైదానంలో రావణ దహనం ఏర్పాటు చేశారు. మైదానానికీ రైలు పట్టాలకూ మధ్య ఉన్నది ఒక ప్రహరీ గోడ. గోడకు లోపల మైదానం నిండిపోయింది. గోడకు బయట రైలు కట్ట మీద, పట్టాల మీద వందల మంది నిలబడ్డారు. ఏడు గంటలు కావస్తుండగా రావణుడి బొమ్మకు నిప్పంటించారు. బాణసంచా చెవులు దిమ్మెత్తేలా పేలుతోంది. సరిగ్గా అప్పుడే జలంధర్ నుంచి అమృత్‌సర్ వెళ్తున్న 74943 నంబరు డీఎంయూ (డీజిల్‌తో నడిచే ప్యాసింజరు) రైలు ఆ జనంలోంచి దూసుకుపోయింది. దాదాపు 60 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పొట్టకూటి కోసం యూపీ, బీహార్‌ల నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల కాపురముంటున్న కుటుంబాలవాళ్లు.

ఈ వార్త వినగానే నూటికి తొంభై మంది అనే మాట ఒక్కటే: పట్టాల మీదికి ఎందుకెక్కారు? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పట్టాల మీద నిలబడటం చట్టప్రకారం నేరం, బుద్ధి ప్రకారం ప్రమాదం. అయితే ఆ ప్రశ్న తప్పెవరిదో తేలుస్తుందే తప్ప ప్రమాదం ఎలా జరిగిందో చెప్పదు. పిల్లల్ని వెంటబెట్టుకుని పండగ చూడటానికి వచ్చిన వందల మందికి ఒకేసారి బుద్ధి లేకుండా పోయిందనుకుంటే మనం నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. వాళ్లకు రైలు ఎందుకు వినపడలేదు, ఎందుకు కనపడలేదు, డ్రైవరు ఎందుకు ఆపలేకపోయాడు, అక్కడ జనం ఉన్నారన్న కబురు రైలుకు ఎందుకు అందలేదు అని విడివిడిగా అడగాలి. మొదటి మూడింటికీ జవాబు భౌతిక శాస్త్రంలో ఉంది. నాలుగోదానికి జవాబు ఆఫీసుల మధ్య ఉంది. అసలు ప్రమాదం జరిగింది అక్కడే.

జనం పట్టాల మీదికి ఎలా చేరారు

రైలు కట్ట నేల మట్టం కంటే ఎత్తుగా ఉంటుంది. చెట్లు ఉండవు, కరెంటు తీగలు తప్ప అడ్డం ఏమీ ఉండదు, కాళ్ల కింద కంకర గట్టిగా ఉంటుంది. మైదానంలో ముందువాళ్ల తలలు అడ్డమొచ్చి ఏమీ కనిపించని మనిషికి కట్ట ఒక గ్యాలరీలా కనిపిస్తుంది. ధోబీ ఘాట్‌లో దానికి తోడు ఎల్ఈడీ తెర పట్టాల మీద నిలబడినవాళ్లకు కూడా కనిపించేలా పెట్టారు. ఏర్పాట్లు చేసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉన్నా లేకపోయినా, తెర ఎటు తిరిగి ఉంటే జనం అటు చేరతారు. వేదిక, తెర, స్పీకర్లు ఏ వైపు పెట్టాలో నిర్ణయించినప్పుడే జనం ఎక్కడ నిలబడాలో కూడా సగం నిర్ణయమైపోతుంది.

మిగతా సగం మంట నిర్ణయిస్తుంది. రావణుడి బొమ్మ లోపలంతా టపాకాయలు కూరతారు. నిప్పంటుకోగానే అవి పైకే కాదు, పక్కలకూ చిమ్ముతాయి. బొమ్మ ఎటు కూలుతుందో తెలియదు. ముందు వరసలో ఉన్నవాళ్లు వేడికి, భయానికి నాలుగడుగులు వెనక్కి వేస్తారు. ఆ ఒత్తిడి ఒక్కో వరసా దాటి వెనక్కి పాకుతుంది. అన్నిటికంటే వెనక వరస గోడకు బయట, పట్టాల పక్కన ఉంటే, ఆ నాలుగడుగులూ పట్టాల మీద పడతాయి. అంతవరకూ పట్టాల పక్కన జాగ్రత్తగా నిలబడిన మనిషి కూడా తనకు తెలియకుండానే లోపలికి వచ్చేస్తాడు.

ఇక్కడ ఒక కొలత తెలిసి ఉండాలి. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు. దాని మీద నడిచే బోగీ వెడల్పు దాదాపు 3.25 మీటర్లు. అంటే బోగీ అంచు ఒక్కోవైపు పట్టాకు బయటకు 78, 79 సెంటీమీటర్లు, సుమారు రెండున్నర అడుగులు పొడుచుకుని ఉంటుంది. పట్టాకు రెండడుగుల దూరంలో నిలబడి ‘నేను పక్కనే ఉన్నాను కదా’ అనుకునే మనిషి నిజానికి రైలు దారిలోనే ఉన్నాడు. మెట్లు, తలుపు దగ్గర వేలాడే ప్రయాణికులు, వేగంగా పోయే రైలు రేపే గాలి ఊపు, ఇవన్నీ దీనికి అదనం.

చెవులు ఎందుకు మోసం చేశాయి

రైలు అంటే మన చెవికి ‘టకటక, టకటక’. ఆ చప్పుడు పట్టాల అతుకుల దగ్గర పుట్టేది. ఇప్పుడు చాలాచోట్ల పట్టాలను కిలోమీటర్ల పొడవున వెల్డింగ్ చేసి ఒకటిగా కలిపేశారు, అందుకని ఆ చప్పుడు పోయింది. పైగా రైలు చప్పుడు పక్కలకు వినపడినంతగా ముందుకు వినపడదు. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడి గమనించండి. ఆగకుండా పోయే రైలు ఇంజను మన ముందుకు వచ్చేదాకా పెద్దగా మోత ఉండదు, వచ్చాక ఒక్కసారిగా హోరు మొదలవుతుంది. పట్టాల మధ్య నిలబడిన మనిషికి ఆ హోరు వినపడేసరికి టైము మిగలదు.

దీని మీదికి బాణసంచా వచ్చి పడింది. మన దేశంలో టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. అంటే నిబంధన ప్రకారం తయారైన టపాకాయ మోత కూడా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అలాంటివి వందల కొద్దీ పేలుతూ, స్పీకర్లు మోగుతూ, జనం కేకలు వేస్తూ ఉన్నప్పుడు హారన్ వేరుగా వినపడదు, ఆ గోలలో కలిసిపోతుంది. హారన్ కొట్టానని డ్రైవరు చెప్పాడు. మాకు వినపడలేదని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు, వాటిలో ఒకటి అబద్ధం కానక్కర్లేదు.

పట్టాల పక్కన కాపురముండేవాళ్లకు ఇంకో సంగతి ఉంది. రోజంతా హారన్ వినీ వినీ వాళ్ల చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. గేటు దగ్గర ప్రతి రైలూ కూత వేస్తుంది కాబట్టి కూత అంటే ‘రైలు నా మీదికి వస్తోంది’ అని కాదు, ‘ఇంకో రైలు పోతోంది’ అని మాత్రమే అర్థం.

కళ్లు ఎందుకు మోసం చేశాయి

అక్టోబరు మూడో వారంలో అమృత్‌సర్‌లో సాయంత్రం ఆరులోపే పొద్దుగూకుతుంది. ప్రమాదం నాటికి చీకటిపడి గంట దాకా అయింది. జనమంతా మంట వైపు తిరిగి ఉన్నారు. రైలు వచ్చేది మంట దిక్కు నుంచి కాదు, పట్టాల వెంట, అంటే వాళ్లకు పక్కనుంచి. మండే వెలుగును కాసేపు చూసిన కన్ను చీకటికి అలవాటుపడాలంటే నిమిషాలు పడుతుంది, పూర్తిగా అలవాటుపడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు కావాలి. పైగా సెల్‌ఫోన్ తెరలు. వీడియో తీసే మనిషి చూపు అరచేతి వెడల్పు గాజుపలకకు అంటుకుపోయి ఉంటుంది.

ఒకవేళ తల తిప్పి హెడ్‌లైటు చూసినా, ఎదురుగా వచ్చే వెలుగు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది అని అంచనా వేయడం మనిషికి చేతకాని పని. నేరుగా మీదికి వచ్చే వస్తువు మొదట్లో కదలనట్టే కనిపిస్తుంది, చివరి మూడు నాలుగు సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. పెద్ద వస్తువు నెమ్మదిగా వస్తున్నట్టు అనిపించడం కూడా కంటికున్న బలహీనతే. ‘ఇంకా దూరం ఉందిలే’ అని పట్టాలు దాటబోయి చనిపోయేవాళ్లు ఈ లెక్కలోనే తప్పుతారు.

రెండో రైలు

జోడా ఫాటక్ దగ్గర ఉన్నది డబుల్ లైన్. డీఎంయూ రావడానికి కాస్త ముందు ఎదురు దిశలో, అమృత్‌సర్ నుంచి హౌరా వెళ్లే మెయిల్ పక్క పట్టాల మీద దాటింది. దాన్ని తప్పించుకోవడానికి జనం ఇటు వైపు పట్టాల మీదికి జరిగారని చాలామంది సాక్షులు చెప్పారు. డబుల్ లైన్ మీద పెద్ద ప్రమాదం ఈ రెండో రైలే. ఒక రైలు పోగానే ‘గండం గడిచింది’ అనే నిశ్చింత కలుగుతుంది. పోతున్న రైలు మోతలో వచ్చే రైలు మోత కలిసిపోతుంది. పోతున్న రైలు బోగీల వరస వచ్చే రైలును కనపడకుండా చేస్తుంది.

రెండు లైన్ల మధ్య జాగా ఎంత? కొత్తగా వేసే లైన్లలో ఒక ట్రాక్ మధ్య నుంచి ఇంకో ట్రాక్ మధ్యకు 5.3 మీటర్లు ఉంచుతారు, పాత లైన్లలో అంతకంటే తక్కువ. 5.3 మీటర్లలోంచి ఒక బోగీ వెడల్పు తీసేస్తే రెండు రైళ్ల మధ్య మిగిలేది రెండు మీటర్లు. ఒంటరి మనిషి నేల మీద బోర్లా పడుకుంటే బతకవచ్చు. వందల మంది తోసుకుంటున్న చోట అది కుదిరే పని కాదు.

బ్రేకు లెక్క

రైల్వే అధికారులు చెప్పిన ప్రకారం రైలు గంటకు 91 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, జనాన్ని చూసి డ్రైవరు బ్రేకు వేయగా 68కి తగ్గింది. వేగం తగ్గనే లేదని స్థానికులు వాదించారు. ఆ వాదన ఎలా ఉన్నా లెక్క చూద్దాం.

గంటకు 91 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్ల పైన. ఒక బోగీ పొడవు కంటే ఎక్కువ దూరాన్ని రైలు ప్రతి సెకనూ మింగేస్తోంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంది కాబట్టి రోడ్డు మీద రబ్బరు టైరుకు దొరికే పట్టు రైలుకు దొరకదు. ఎమర్జెన్సీ బ్రేకు వేసినప్పుడు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుంటే, 91 నుంచి పూర్తిగా ఆగడానికి 640 మీటర్లు కావాలి, యాభై సెకన్లు పడుతుంది. 91 నుంచి 68కి దిగడానికే 280 మీటర్ల పైన పోతాయి. అంటే అధికారులు చెప్పిన అంకెలు నిజమైతే, డ్రైవరు జనాన్ని చూసి బ్రేకు లాగింది వాళ్లకు మూడు వందల మీటర్ల లోపు నుంచి. రాత్రిపూట ఇంజను హెడ్‌లైటు పనికొచ్చే దూరం కూడా సుమారు అంతే. అక్కడ వంపు ఉందని, ముందుగా కనిపించే వీలు లేదని రైల్వే చెప్పింది. ఎటు చూసినా కనపడిన తర్వాత ఆపడం అసాధ్యం.

అదే రైలు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే? అదే బ్రేకు, అదే పట్టాలు. డెబ్భై మీటర్లలో ఆగుతుంది. వేగం మూడో వంతైతే ఆగే దూరం తొమ్మిదో వంతవుతుంది. జనం ఉన్న చోట అటూ ఇటూ కలిపి రెండు కిలోమీటర్ల మేర 30కి తగ్గించి నడిపితే ఆ రైలుకు జరిగే ఆలస్యం, మళ్లీ వేగం అందుకోవడంతో కలిపి, నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాల ఆలస్యానికి ఆర్డరు వేయాల్సింది ఎవరు? జోడా ఫాటక్ వ్యవహారమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కబురు ఎక్కడ ఆగిపోయింది

రైలు డ్రైవరు, అంటే ఇప్పటి మాటలో లోకో పైలట్, తన ఇష్టం వచ్చిన వేగంతో నడపడు. ఆ సెక్షన్‌లో ఎంత వేగం అనుమతో అంతే నడపాలి, సిగ్నల్ పచ్చగా ఉంటే పోవాలి. ఎక్కడైనా నెమ్మదిగా పోవాలంటే ముందు స్టేషన్‌లో ‘కాషన్ ఆర్డర్’ అనే కాగితం అతని చేతికి అందాలి. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎంత వేగం, ఎందుకు అనేది అందులో ఉంటుంది. పట్టాల మరమ్మతులకు, వరద నీళ్లకు, జాతరలకు ఈ కాగితమే వాడతారు. అది పుట్టాలంటే స్టేషన్ మాస్టరుకో, డివిజన్ ఆఫీసులో కూర్చుని ఆ సెక్షన్ రైళ్లన్నిటినీ చూసే కంట్రోలరుకో కబురు అందాలి. అమృత్‌సర్‌కు ఆ డివిజన్ ఆఫీసు ఫిరోజ్‌పూర్. ధోబీ ఘాట్ గురించి అలాంటి కాషన్ ఆర్డర్ ఏదీ లేదు. రెండు స్టేషన్ల మధ్య పట్టాల మీద జనం ఉంటారని ఎవరూ అనుకోరని, అందుకే రైళ్లు తమకిచ్చిన వేగంతోనే నడుస్తాయని అప్పటి రైల్వే బోర్డు చైర్మన్ అశ్వనీ లోహానీ వివరించారు. తమకు సమాచారం ఇవ్వలేదని రైల్వే పదేపదే చెప్పింది.

సమాచారం ఇవ్వాల్సింది ఎవరు? కార్యక్రమం నిర్వాహకులకు పోలీసులు ఇచ్చింది షరతులతో కూడిన అభ్యంతరం లేని పత్రం. తామసలు అనుమతే ఇవ్వలేదని మున్సిపల్ కార్పొరేషన్ అంది. అనుమతి లేని కార్యక్రమాన్ని ఎందుకు ఆపలేదంటే జవాబు లేదు. మైదానం లోపల బందోబస్తు నగర పోలీసులది. గోడ దాటితే రైల్వే స్థలం. అక్కడ నేరం జరిగితే కేసు రాసేది రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే రైల్వే పోలీసులు, రైల్వే ఆస్తికి, ప్రయాణికులకు కాపలా కాసేది కేంద్రం కింద ఉండే రైల్వే రక్షణ దళం, అంటే ఆర్పీఎఫ్. మైదానం, గోడ, కట్ట అన్నీ కలిపి చూసే మనిషి ఈ మొత్తం ఏర్పాటులో ఒక్కడూ లేడు. గోడకు లోపలివాళ్లు బయట ఏం జరుగుతోందో తమ పని కాదనుకున్నారు. బయటివాళ్లకు లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. జనానికి మాత్రం ఆ గోడ ఎక్కి చూసేందుకు ఒక ఎత్తైన చోటు, అంతే.

గేటు సంగతి వేరుగా చెప్పుకోవాలి. గేట్‌మన్ దగ్గర ఎర్ర జెండా, ఎర్ర దీపం, డిటొనేటర్లు, స్టేషన్ మాస్టరుతో మాట్లాడే ఫోన్ ఉంటాయి. డిటొనేటరు అంటే పట్టా మీద బిగించే చిన్న డబ్బీ, చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది. ఆపద దగ్గర్నుంచి 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చీకట్లో, కంకర మీద, 1200 మీటర్లు పరిగెత్తడానికి మనిషికి పది నిమిషాలైనా పడుతుంది. ఆ దూరాన్ని రైలు 48 సెకన్లలో దాటేస్తుంది. అందుకని గేట్‌మన్‌కు అసలైన ఆయుధం ఫోన్. జనం చేరుతున్నారని రైలు బయల్దేరకముందే చెబితే స్టేషన్ మాస్టరు సిగ్నల్ ఎర్రగా ఉంచగలడు, లేదా డ్రైవరుకు చెప్పి నెమ్మదిగా పంపగలడు. రైలు సిగ్నల్ దాటి వచ్చేశాక ఫోన్ కూడా పనికిరాదు. ప్రమాదస్థలం గేటుకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఉంది కాబట్టి గేట్‌మన్‌కు సంబంధం లేదని రైల్వే వాదించింది. అంతమంది గుమిగూడటం తెలిసీ గేటు సిబ్బంది వేళకు పై వాళ్లకు చెప్పలేదని, జలంధర్ డివిజనల్ కమిషనర్ చేసిన మెజిస్టీరియల్ విచారణ నిర్వాహకులను, పోలీసులను, మున్సిపల్ సిబ్బందిని తప్పుపట్టడంతో పాటు గేటు సిబ్బందినీ తప్పుపట్టింది.

రైల్వే వైపు విచారణ ఇంకో దారిలో నడిచింది. మొదట రైల్వే భద్రతా కమిషనర్, ఇది చట్టం చెప్పే రైలు ప్రమాదం కాదు, పట్టాల మీదికి అక్రమంగా వచ్చినవాళ్ల వ్యవహారం అని విచారణకు ఒప్పుకోలేదు. అమృత్‌సర్ ఎంపీ పట్టుబట్టాక విచారణ జరిగింది. పట్టాల దగ్గర చేరిన జనం నిర్లక్ష్యమే కారణమని 2018 నవంబరులో రైల్వే భద్రతా చీఫ్ కమిషనర్ తేల్చారు. అదే నివేదికలో, రైలు మార్గాల పక్కన ఇలాంటి ఉత్సవాలు జరిగేటప్పుడు స్థానిక యంత్రాంగం రైల్వేకు ముందుగా చెప్పేలా చూడాలని సిఫారసు కూడా ఉంది. ఆ సిఫారసే అసలు కారణాన్ని ఒప్పుకుంటోంది. జనం నిర్లక్ష్యం ఒక్కటే కారణమైతే ముందుగా చెప్పడం వల్ల ఒరిగేదేమీ ఉండకూడదు కదా.

చట్టం ఎవరిని ఎక్కడ నిలబెడుతుంది

1989 రైల్వే చట్టంలో 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ వల్ల చనిపోయినవాళ్ల కుటుంబాలకు తగిలే దెబ్బ జరిమానా కాదు, పరిహారం. రైలు ప్రమాదాలకు, రైలు నుంచి జారిపడటం లాంటి ‘అవాంఛనీయ ఘటన’లకు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ పరిహారం ఇస్తుంది. మరణానికి 2017 నుంచి 8 లక్షల రూపాయలు. కానీ అది టికెట్ ఉన్న ప్రయాణికులకు, ప్లాట్‌ఫాం టికెట్ ఉన్నవాళ్లకు. పట్టాల మీద నిలబడి పండగ చూసిన మనిషి ఈ లెక్కలో ఎవరూ కాదు. అందుకే అమృత్‌సర్ కుటుంబాలకు అందింది హక్కుగా వచ్చే పరిహారం కాదు, ప్రభుత్వాలు ప్రకటించిన సాయం: పంజాబ్ ప్రభుత్వం నుంచి 5 లక్షలు, ప్రధాని సహాయ నిధి నుంచి 2 లక్షలు. ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. హక్కును కోర్టులో అడగవచ్చు, సాయానికి ఎదురుచూడాలి.

ఇంకో నష్టం కంటికి కనపడదు. ‘ట్రెస్‌పాసింగ్’, అంటే అక్రమంగా చొరబడటం అని రాసిన మరణం రైలు ప్రమాదాల పద్దులో చేరదు. అణు శాస్త్రవేత్త అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన పనిచేసిన రైల్వే భద్రతా కమిటీ 2012లో, పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15 వేల మంది చనిపోతున్నారని, ఇది ఊచకోతకు తక్కువేం కాదని రాసింది. పద్దులో లేని మరణానికి బడ్జెట్ పెట్టించడం చాలా కష్టం.

ఇంతకు ముందు, ఆ తర్వాత

అమృత్‌సర్‌కు ఐదేళ్ల ముందు, 2013 ఆగస్టు 19న, శ్రావణ సోమవారం నాడు, బీహార్‌లోని ధమారా ఘాట్ స్టేషన్‌లో ఇలాంటిదే జరిగింది. కాత్యాయనీ గుడికి వెళ్లడానికి సరైన రోడ్డు లేదు, రైలు దిగి పట్టాల వెంట నడవడమే దారి. ప్యాసింజరు దిగి పట్టాలు దాటుతున్న భక్తుల మీదికి అక్కడ ఆగని రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ దూసుకొచ్చింది. కనీసం 28 మంది చనిపోయారు. 2025 నవంబరు 5న, కార్తీక పౌర్ణమి గంగా స్నానానికి వచ్చి ఉత్తరప్రదేశ్‌లోని చునార్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం లేని వైపు దిగి పట్టాలు దాటుతున్న ఆరుగురు మహిళలను నేతాజీ ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. మూడు చోట్లా పండగ ముందే తెలుసు, తేదీ పంచాంగంలో ఉంది, జనం వస్తారనీ తెలుసు. రైళ్ల వేగం మాత్రం మామూలు రోజుదే.

మన దగ్గర ఈ కథ ఇంకో రూపంలో వచ్చింది. 2013 నవంబరు 2, దీపావళి ముందు రోజు సాయంత్రం, విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర బొకారో ఎక్స్‌ప్రెస్‌లో మంటలన్న పుకారుతో చెయిను లాగి దిగిన ప్రయాణికుల మీదికి పక్క లైన్‌లో విజయవాడ–రాయగడ ప్యాసింజరు వచ్చింది. 2022 ఏప్రిల్ 11న శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర గౌహతి రైలు దిగి పట్టాల మీద నిలబడినవాళ్ల మీదికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. రెండు చోట్లా చీకటి, రెండు చోట్లా రెండో రైలు. రైలు మధ్యలో ఆగితే పక్క లైన్ లేని వైపు దిగాలన్న ఒక్క మాట తెలిసి ఉంటే చాలామంది బతికేవారు. ఏ వైపు లైన్ ఉందో కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. చీకట్లో కూడా కంకర పరుపు ఎటు వైపు వెడల్పుగా ఉందో సెల్‌ఫోన్ వెలుతురులో కనపడుతుంది.

పట్టాల పక్కన ఉత్సవం చేయాల్సి వస్తే

వినాయక నిమజ్జనం, దసరా, బోనాలు, ఊరి జాతర ఏదైనా సరే, మైదానం పట్టాలకు ఆనుకుని ఉంటే మొదటి ప్రయత్నం స్థలం మార్చడం. అది కుదరకపోతే పని పండగ రోజున కాదు, కనీసం రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. పోలీస్ స్టేషన్‌కు ఇచ్చే అర్జీ నకలును మీ డివిజన్ రైల్వే మేనేజర్ ఆఫీసుకు, దగ్గరి స్టేషన్ మాస్టరుకు, ఆర్పీఎఫ్ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. తేదీ, జనం చేరడం మొదలయ్యే టైము, నిప్పంటించే లేదా ఊరేగింపు పట్టాలు దాటే టైము, జనం పూర్తిగా వెళ్లిపోయే టైము, ఈ నాలుగూ అందులో ఉండాలి. రైల్వేకు కావాల్సింది ఆహ్వాన పత్రిక కాదు, ‘ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా’ అన్న మాట. కార్యక్రమం ఆలస్యమైతే ఆ సంగతి కూడా ఫోన్ చేసి చెప్పాలి. కాషన్ ఆర్డర్ టైము దాటిపోయాక బొమ్మకు నిప్పంటిస్తే, అంతకుముందు పడిన శ్రమంతా వృథా.

వేదిక, తెర, స్పీకర్లు జనం వీపు పట్టాల వైపు రాకుండా, చూపు కట్ట మీది నుంచి అందకుండా పెట్టాలి. మంట పెట్టే బొమ్మకూ పట్టాలకూ మధ్య ఖాళీ జాగా వదలాలి, జనం వెనక్కి జరిగితే పట్టేందుకు. గోడ చాలదు, ఎందుకంటే గోడకు సందులుంటాయి, ఎక్కేవాళ్లుంటారు. కట్ట వెంట తాడు పట్టుకుని నిలబడే మనుషులు కావాలి, వాళ్లు మంట వైపు కాదు, జనం వైపూ పట్టాల వైపూ చూస్తుండాలి. మైకు దగ్గర ఒకరికి ఒకే పని అప్పజెప్పాలి: రైలు వస్తోందనగానే పాట ఆపి చెప్పడం. నిమజ్జనం ఊరేగింపులకు ఇంకో జాగ్రత్త ఉంది. పైన 25 వేల వోల్టుల తీగ. దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు. గేటు దగ్గర ఉండే అడ్డ కమ్మీ కంటే విగ్రహం ఎత్తుగా ఉంటే ఆ గేటు దాటించకూడదు, కర్రలతో తీగలు పైకెత్తే ప్రయత్నం అసలు చేయకూడదు.

ఏర్పాట్లతో సంబంధం లేకుండా, దారిన పోతూ పట్టాల మీద జనాన్ని చూసిన ఎవరైనా చేయగలిగింది ఒకటుంది. పట్టాల పక్కన ప్రతి కరెంటు స్తంభం మీద ఒక నంబరు రాసి ఉంటుంది, గీతకు పైన కిలోమీటరు, కింద స్తంభం వరస. ఆ రెండు అంకెలు, దగ్గరి స్టేషన్ పేరు చదివి 139కి ఫోన్ చేయాలి, లేదా దగ్గరి గేట్‌మన్‌కు చెప్పాలి. ‘ఫలానా గుడి వెనక, ఫలానా కాలనీ దగ్గర’ అంటే డివిజన్ ఆఫీసులో కూర్చున్న కంట్రోలరుకు అర్థం కాదు. స్తంభం నంబరు చెబితే ఏ రైలు ఎంత దూరంలో ఉందో, ఏ స్టేషన్‌లో దాన్ని ఆపాలో అతనికి వెంటనే తెలుస్తుంది.